పాత మందుకీ కొత్త మందుకీ మధ్య

కీళ్లవాతం మాత్రల్ని కీళ్లు బాగున్నవాళ్లే విప్పగలిగేలా ప్యాక్ చేసిన మహానుభావుడెవరో ఒక్కసారి కనబడితే బాగుణ్ను. పొద్దున స్ట్రిప్‌తో కుస్తీ పట్టి బొటనవేలు మొదట్లో ఎర్రగా కమిలింది. మాత్ర మాత్రం బయటికి రాలేదు. మా ఆయన్ని లేపితే "కత్తెరుంది కదా" అన్నారు. కత్తెర పట్టుకోవడానికీ ఆ వేలే కావాలి స్వామీ!

నా కీళ్లవాతానికి ఇన్నాళ్లూ వాడిన మెథోట్రెక్సేట్ ఆపి లెఫ్లూనమైడ్ మొదలుపెట్టారు. పాతది వారానికి ఒక్కసారే, కానీ మర్నాడంతా కడుపులో తిప్పుడు. కొత్తది రోజూ. తిప్పుడు లేదు, గుణమూ లేదు. పని మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెలియడానికి నెలలు పడుతుందట. అందాకా పొద్దున్నే పిడికిలి ముడవాలంటే గంట పైనే. చెల్లి రోజూ ఫోన్ చేసి "కొత్త మందు కదా, ఇంకా తగ్గలేదా అక్కా?" అంటుంది. ప్రేమే, తెలుసు. అయినా ఒళ్లు మండుతుంది.

ఇలాంటప్పుడే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గుర్తొస్తుంది. జబ్బు బయటపడ్డ కొత్తలో ఇచ్చారు. మూడ్రోజులు తిరక్కుండానే మెట్లు గబగబా దిగేశాను. సీసా మూత తిప్పాను, బిగించాను, మళ్లీ తిప్పాను, ఊరికే. నిద్రపట్టక అర్ధరాత్రి బీరువాలోవన్నీ కిందపోసి సర్దుతుంటే, బాబు లేచొచ్చి "దొంగలు పడ్డారా అమ్మా?" అన్నాడు. 1948లో ఆ జాతిదే అయిన కార్టిజోన్ మొదటిసారి పుచ్చుకున్న కీళ్లవాతం రోగి కూడా కొద్ది రోజుల్లోనే లేచి నడిచిందట. 1950లో దానికి నోబెల్ ఇచ్చారు. ఇవ్వరూ మరి!

డాక్టర్ని అదే మళ్లీ రాయమందామని సాయంత్రం దాకా గట్టిగా అనుకున్నాను. ఇది టైప్ చేస్తుంటే మిగతావీ గుర్తొస్తున్నాయి. ఉబ్బిన ముఖం, పెరిగిన షుగరు, ఒక్కసారిగా ఆపకూడదని కొంచెం కొంచెం తగ్గించిన ప్రతిసారీ తిరగబెట్టిన నొప్పి. వద్దులే. కొత్తది పట్టేదాకా చిన్న మోతాదు వేసుకోమని డాక్టరే తనంతట తాను అంటే మాత్రం కాదనను.

అన్నట్టు, ఇవాళ జడ నేనే వేసుకున్నాను. వదులుగానే వచ్చిందనుకోండి.

రేపు లివర్ పరీక్షకి రక్తమివ్వాలి. ఈ మందుకి మొదట్లో తరచూ చూస్తారు. తేడా వస్తే దీన్నీ ఆపి ఇంకొకటి మొదలుపెట్టాలి. ఈ సంగతి చెల్లికి చెప్పలేదు. చెబితే రోజుకి రెండు ఫోన్లవుతాయి.