పాత కారు బేరం: సొంతదారుతో ధర తేల్చుకోవడం

ఆటో కన్సల్టెన్సీలో పాత కారు కొనడం ఒక రకం, సొంతదారు ఇంటికి వెళ్లి ఆయన వాకిట్లోని కారును బేరమాడి కొనడం మరో రకం. కన్సల్టెన్సీ యజమానికి బండి కేవలం సరుకు కాబట్టి ఎంతకు కొన్నాడో, ఎంతకు తగ్గితే నష్టమో ఆయనకు పైసలతో సహా తెలుసు. సొంతదారుకు మాత్రం అది తాను ముచ్చటపడి కొన్న బండి, ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్లొచ్చిన బండి. దాని ఇప్పటి విలువ ఎంతో ఆయనకు కచ్చితంగా తెలియదు, కొనడానికి వచ్చిన మనకూ తెలియదు. అందువల్ల చాలా బేరాలు ఆయన నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పడం, మనం అందులో లక్ష కోసి అడగడం, చివరికి ఎవరి ఓపిక నశిస్తే వారు దిగిరావడం అన్న తీరులో నడుస్తాయి. 2025 దసరా దాటాక మా తమ్ముడి కోసం హైదరాబాదులో కార్లు చూసినప్పుడు ఈ పద్ధతిని పక్కనపెట్టి, అమ్మేవారి ఎదుటే కాగితం మీద లెక్క వేసి ధర తేల్చుకోవాలనుకున్నాను. ఆ లెక్కలో దేన్ని కలపాలి, దేన్ని తీసేయాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి చిక్కు లెక్కను ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేవన్నీ అడిగే ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. నెలల తరబడి అలాగే ఉండిపోయిన ప్రకటన ఆ ధరకు ఎవరూ కొనడం లేదన్న సంగతినే చెబుతుంది. ఇన్సూరెన్స్ పాలసీలో ఉండే ఐడీవీని, అంటే బీమా కోసం బండికి కట్టే విలువను, కొందరు ప్రమాణంగా చూపిస్తారు. అయితే అది ఒక పట్టిక ప్రకారం ఏటా తగ్గిపోయే అంకె: రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు బండికి 50 శాతం తరుగు తీస్తారు, అయిదేళ్లు దాటాక కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. బండి ఎలా ఉందో, ఆ మోడల్‌కు గిరాకీ ఎంత ఉందో ఆ పట్టికకు పట్టదు.

నాకు పనికొచ్చినవి రెండే అంకెలు. అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండిని కన్సల్టెన్సీవాళ్లు ఎంతకు అమ్ముతున్నారన్నది ఒకటి. అమ్మేవారి బండిని పాత కార్ల కంపెనీలు పరీక్ష చేసి ఎంతకు కొంటామన్నాయన్నది రెండోది. ఈ రెంటి మధ్య ఉండే తేడాలో డీలరు లాభం, షెడ్డు అద్దె, చిన్నా చితకా మరమ్మతులు, వారంటీ ఖర్చు అన్నీ ఉంటాయి. 2025 జనవరి నుంచి, జీఎస్టీ కింద నమోదైన డీలర్లు తమ లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలి. ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకానికి ఆ పన్ను లేదు. కాబట్టి న్యాయమైన ధర ఆ రెండు అంకెల నడుమ ఎక్కడో ఉంటుంది, మధ్యవర్తి లేకపోవడం వల్ల మిగిలే సొమ్మును ఇద్దరూ పంచుకోవడమే సొంతదారు దగ్గర కొనడంలోని ప్రయోజనం. మొత్తం మనకే మిగలాలంటే అమ్మేవారు కంపెనీకే ఇచ్చేసుకుంటారు, మొత్తం ఆయనకే మిగలాలంటే మనం కన్సల్టెన్సీలోనే వారంటీతో కొనుక్కోవచ్చు.

ఆ సమయంలో మరో సంగతి బేరాలన్నింటినీ గందరగోళం చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి తగ్గడంతో కొత్త కార్ల ధరలు ఒక్కసారిగా దిగివచ్చాయి. కొత్తది చవకైతే పాతది ఖరీదుగా ఉండలేదు. అయినా అమ్మేవాళ్లు అంతకు ఆరు నెలల ముందు పక్కింటివాళ్లు ఎంతకు అమ్మారో ఆ ధరనే మనసులో పెట్టుకుని ఉన్నారు. ఇది వాదించి గెలవాల్సిన విషయం కాదు. షోరూమ్ ఇచ్చిన కొత్త కొటేషన్‌ను ఫోన్‌లో చూపిస్తే చాలు.

చూడకముందే ఫోన్‌లో "లాస్ట్ ఎంతకిస్తారండీ?" అని అడగడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. దానివల్ల వచ్చే లాభమేమీ లేదు, పైగా అమ్మేవారు మనల్ని బ్రోకరు కింద జమకడతారు. నేను ఫోన్‌లో అడిగినవి వేరు: ఆర్సీ ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ ఏమైనా మిగిలి ఉందా, బండి ఎప్పుడైనా ఇన్సూరెన్స్ క్లెయిముకు వెళ్లిందా. "ఆర్సీ మా ఫ్రెండు పేరున ఉంది, పేపర్లన్నీ సంతకాలతో రెడీగా ఉన్నాయి" అన్నారంటే ఆయన సొంతదారు వేషంలో ఉన్న బ్రోకరు. ఇలా సంతకాలు పెట్టి ఖాళీగా వదిలేసిన కాగితాలతో చేతులు మారే బండ్లు నగరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి ధర ఎంత తక్కువైనా నేను పోలేదు.

బండి దగ్గరకు వెళ్లాక మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం తప్పనిసరి, అయితే మనంతట మనం చూడగలిగినవీ కొన్ని ఉన్నాయి. తలుపు రబ్బరు బీడింగును కాస్త లాగితే కింద ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగు గుంటలు వరుసగా కనిపించాలి. అవి లేకుండా నున్నగా ఉంటే అక్కడ డెంటింగ్ జరిగింది. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరి ఉంటే ఎప్పుడో స్పానర్ పెట్టి విప్పారన్నమాట. మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం ఉంటే, బ్రేకు పెడల్ రబ్బరు అరుగుదలను, స్టీరింగు మెరుపును మీటరు అంకెతో పోల్చి చూసుకోవాలి. అంతకన్నా నమ్మకమైనది కంపెనీ సర్వీస్ సెంటరులో ఉండే సర్వీస్ హిస్టరీ, దాన్ని తెప్పించమని సొంతదారునే అడగవచ్చు.

వరద బండ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ వేల సంఖ్యలో కార్లు నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని తుక్కుకు పోగా, కొన్ని శుభ్రమై తిరిగి బజారుకు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్న ఒకే సిరీస్ మొదలవడంతో, ఆ తర్వాతి బండ్లు ఏ ఊరివో నంబరును బట్టి చెప్పలేం, ఆర్సీలో చిరునామా చూడాల్సిందే. నేను చూసిన ఒక కారు లోపలంతా కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, ఘాటైన సెంటు వాసనతో మెరిసిపోతూ ఉంది. మా మెకానిక్ ముందు సీటు బెల్టును చివరంటా బయటికి లాగి పట్టుకున్నాడు. మామూలుగా బయట కనిపించే భాగం వరకు బెల్టు నల్లగానే ఉంది, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చివరి మూరెడు మీద మాత్రం ఆరిన బురద చార అడ్డంగా ఉంది. తర్వాత స్టెప్నీ ఎత్తి చూస్తే కింద బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. ఇలాంటి బండికి న్యాయమైన ధర అంటూ ఉండదు, ఎందుకంటే వైరింగు ఎప్పుడు ఎక్కడ చెడుతుందో ఎవరూ లెక్కగట్టలేరు. మాట పెంచకుండా నమస్కారం పెట్టి వచ్చేశాం.

చివరికి కొన్నది సైనిక్‌పురిలో ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర. 2019 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ, పెట్రోలు, మొదటి నుంచీ ఆయన పేరు మీదే ఉంది. పిల్లల దగ్గరకు విదేశం వెళ్లిపోతున్నారు కాబట్టి అమ్మాలి, అయితే తొందరపడుతున్నట్టు కనిపించడం ఆయనకు ఇష్టం లేదు. 5,20,000 చెప్పారు. "సార్, ఈ అంకె ఎలా వచ్చిందో చెబుతారా?" అని అడిగితే, "నేను ఏడు లక్షలకు పైగా పెట్టి కొన్నాను బాబూ, నా చేతిలో గీత పడనివ్వలేదు" అన్నారు. ఆయన కొన్న ధరను నేను కాదనలేదు, బండిలో తప్పులూ వెతకలేదు. మన బేరగాళ్లకు బండిని తిడితే ధర తగ్గుతుందన్న నమ్మకం ఒకటి ఉంది కానీ, సొంతదారు ముందు ఆయన బండిని తిట్టడం పెళ్లిచూపుల్లో పిల్ల రంగు గురించి మాట్లాడడం వంటిది. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏ మాటా సాగదు.

ఆయన టేబుల్ మీది నోటుబుక్కులోనే రాశాం. అలాంటి బండ్లను కన్సల్టెన్సీల్లో అప్పటికి 4,80,000 దాకా అడుగుతున్నారు, దాని ఫొటోలు చూపించాను. టైర్ల అంచున ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆయన బండి టైర్ల మీద 2319 అని ఉంది, అంటే 2019లో 23వ వారంలో తయారైనవి, కంపెనీ నుంచి బండితో వచ్చినవే. పైన గీతలు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పక్కల సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. నాలుగింటికీ టైర్ల దుకాణం చెప్పిన 18,000 తీసేశాం. క్లచ్ బిగుసుగా ఉంది, దానికి మెకానిక్ చెప్పిన 12,000 తీసేశాం. 4,50,000 దగ్గరకు వచ్చాం. అప్పుడు ఆయన, "మరి కొత్త బ్యాటరీ వేయించాను, సీటు కవర్లు, స్టీరియో పెట్టించాను, వాటిని కలపరా?" అని అడిగారు. నడిచే బండికి బ్యాటరీ ఉండి తీరాలి కాబట్టి కొత్త బ్యాటరీ వల్ల తరుగు తీయనక్కర్లేదు, అంతేగాని ధర పెరగదు. స్టీరియో ఆయన ముచ్చట. అయితే ప్రతి సర్వీసు బిల్లునూ తేదీల వారీగా ఫైలు చేసి ఉంచిన మనిషి ఆయన, ఆ ఫైలుకు మాత్రం విలువ ఉందని నాకు అనిపించింది. మరో 5,000 కలిపాను. నిజానికి అక్కడే ఆయన మెత్తబడ్డారు. ఒక పాత కార్ల కంపెనీ 4,05,000 ఇస్తామన్న సంగతి అప్పుడు తానే బయటపెట్టారు. 4,55,000 దగ్గర మాట ఖాయమైంది, పాత చలాన్లు ఆయనే కట్టుకునేట్టు.

ఫ్యాన్సీ నంబర్ల గొడవ ఒకటి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అంకెలు కూడితే తొమ్మిది వస్తుందని చెప్పి పాతిక వేలు ఎక్కువ అడిగిన ఆయన ఒకరు తగిలారు. నంబరు మీద నమ్మకం ఉన్న కొనుగోలుదారు దొరికితే ఆయనకు ఆ డబ్బు రావచ్చు, మనకు ఆ నమ్మకం లేకపోతే ఇవ్వాల్సిన పని లేదు. ఇతర రాష్ట్రాల బండ్లు, ముఖ్యంగా ఢిల్లీ డీజిల్ బండ్లు, ఇక్కడి ధరకన్నా బాగా తక్కువకు వస్తాయి. ఆ రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకునేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది, కాబట్టి ఆ పన్నును ముందే ధరలోంచి తీసి చూసుకోవాలి.

ధర ఒక్కటే బేరం కాదని సొంతదార్లతో మాట్లాడేకొద్దీ తెలుస్తుంది. వారికి డబ్బు తర్వాత ఎక్కువగా ఉండే బెంగ, బండి ఇచ్చేశాక కొన్నవాడు పేరు మార్చుకోడేమోనని. ఆ బెంగ అకారణమైనది కాదు: రికార్డులో పేరున్నవారే యజమానిగా బాధ్యత వహించాలని 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాదం కేసులో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. "పేరు మార్పుకు రవాణా శాఖలో స్లాట్ నేనే బుక్ చేస్తాను, పేరు మారిన కాగితం మీకు పంపిస్తాను, మొత్తం ఒకే రోజు బ్యాంకు ద్వారా ఇస్తాను" అని మొదటే చెబితే, పదివేలు ఎక్కువిస్తామని వాయిదాలు పెట్టే వారికన్నా మనవైపే మొగ్గుతారు. సైనిక్‌పురి పెద్దాయన విషయంలో పనిచేసింది కూడా ఇదే. పైగా, ఒకే లావాదేవీలో రెండు లక్షలూ ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. "సగం క్యాష్ ఇస్తే తగ్గిస్తా" అన్న మాట వినిపిస్తే ఈ సంగతి అమ్మేవారి మంచికే చెప్పవచ్చు.

టోకెన్‌గా 10,000 యూపీఐలో పంపి, బండి నంబరు, ఒప్పుకున్న ధర, ఫైనాన్స్ లేదన్న మాట, బేరం రద్దయితే టోకెన్ ఏమవుతుందన్నది రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆర్సీలో హైపోతికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) ఇంకా ఉంటే, అప్పు తీరిపోయిందని నోటిమాటగా చెబితే సరిపోదు; బ్యాంకు ఎన్‌వోసీ, ఆ నమోదును తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. మిగిలిన మొత్తం ఆర్టీజీఎస్‌లో ఆయన ఖాతాలో పడినట్టు ఆయనకు మెసేజ్ వచ్చాక, పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, అసలు ఆర్సీ, రెండు తాళంచెవులు, పాలసీ తీసుకుని, డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంటా నిమిషం కూడా రాశాం. ఆ నిమిషం తర్వాత పడే చలాను మాది.

ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, అది అమ్మినవారిదే. ఆయనకు 50 శాతం బోనస్ ఉంది కాబట్టి, పాలసీ మా తమ్ముడి పేరుకు మార్చేటప్పుడు మిగిలిన నెలలకు ఆ తేడాను మేమే కట్టాల్సి వచ్చింది. దీన్ని ముందే అడిగి తెలుసుకున్నాను కాబట్టి ధర దగ్గర పేచీ రాలేదు. చాలామంది మరిచిపోయేది ఫాస్టాగ్. ఒక బండికి ఒకే ట్యాగ్ అన్న నిబంధన వల్ల పాత యజమాని తన ట్యాగును మూసేయిస్తేనే మనకు కొత్తది వస్తుంది. ఆయన విమానం ఎక్కేలోపు, ఆయన ఇంటి వరండాలోనే కూర్చుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయించి ఆ పని కూడా ముగించుకున్నాం.