అడవిదున్న పక్కన సముద్రపు నాచు: నెట్‌లో తొమ్మిదో యూనిట్ నాకు పట్టుబడిన తీరు

మొదటిసారి నెట్ (అధ్యాపక అర్హత కోసం రాసే జాతీయ పరీక్ష) జీవశాస్త్రాలు రాసినప్పుడు 13 యూనిట్లలో నన్ను ముంచింది తొమ్మిదోది, జీవవైవిధ్యం. హనుమకొండలో నేను చేరిన శిక్షణ కేంద్రం వాళ్లు దాన్ని రెండు రోజుల్లో ముగించి పట్టికలు చేతిలో పెట్టారు. బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో అన్నీ కలగాపులగమయ్యాయి.

రెండోసారి పట్టికలు అటకెక్కించి, పొంతన లేని రెండు జీవులను ఒకే కాగితంపై రాయడం మొదలుపెట్టాను. నా గదిలో ఉండే మిత్రుడిది ఏటూరునాగారం. చిన్నప్పుడు చూసిన అడవిదున్న గురించి చెప్పేవాడు: నల్లని ఒళ్లు, తెల్ల మేజోళ్లు తొడిగినట్లున్న కాళ్లు. ఒకవైపు దాన్ని రాశాను. రెండోవైపు హెర్పోడిస్కస్ డర్విల్లియే. ఇది న్యూజిలాండ్ తీరంలో డర్విల్లియా అనే మరో గోధుమ వర్ణ శైవలం (నాచు) కణజాలంలోకి చొరబడి బతికే గోధుమ వర్ణ శైవలం. ఎరుపు శైవలాల్లో పరాన్నజీవులు చాలానే ఉన్నాయి, గోధుమ వర్ణం వాటిలో మాత్రం అరుదు.

అసలు లాభం పేర్ల దగ్గర కలిగింది. అడవిదున్నను ఇండియన్ బైసన్ అంటారు గానీ అది బైసన్ కాదు. దాని శాస్త్రీయ నామం బాస్ గారస్, మన ఆవు ప్రజాతే (జీనస్). డర్విల్లియాను బుల్ కెల్ప్ అంటారు, అదీ నిజమైన కెల్ప్ (పెద్ద గోధుమ వర్ణ సముద్రపు నాచు) కాదు. కెల్ప్‌లు లామినేరియేల్స్ క్రమానివి, ఇది ఫ్యూకేల్స్‌ది. దానిలో దూరిన పరాన్నజీవిదేమో స్ఫాసిలేరియేల్స్. శైవలం అనగానే మొక్కల పక్కన పెట్టేయకండి. గోధుమ వర్ణ శైవలాలు స్ట్రామినోపైల్స్ అనే వేరే సమూహానివి, గడ్డి కంటే డయాటమ్‌లకే (ఏకకణ శైవలాలు) దగ్గరి చుట్టాలు.

ఇక పోషణ. అడవిదున్న రోజంతా గడ్డి మేసినా సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ దాని దగ్గర లేదు. ఆ పని రూమెన్‌లోని (కడుపులోని మొదటి గది) సూక్ష్మజీవులు చేసిపెడతాయి. అంటే దాని కడుపులో కాపురమున్నవాళ్లు అద్దె కడుతున్నారు, డర్విల్లియా ఒంట్లో దిగినవాడు కట్టడం లేదు. సహోపకారితకూ పరాన్నజీవనానికీ తేడా ఏమిటో ఆ తర్వాత నేను మళ్లీ చదవాల్సిన పని పడలేదు. నిల్వ ఆహారం కూడా అదే కాగితం మీద ఓ మూలన ఇమిడిపోయింది: దున్నలో గ్లైకోజెన్, గోధుమ వర్ణ శైవలాల్లో లామినారిన్, మానిటాల్.

ఒక్క జాగ్రత్త. తేయాకు, కాఫీ ఆకులకు ఎర్ర తుప్పు తెగులు తెచ్చే సెఫల్యూరాస్‌నూ నేను ఇదే కాగితంపై రాసుకున్నాను. తెగులు పేరులో ఎరుపు ఉందని నమూనా పరీక్షలో ఎరుపు శైవలం అని గుర్తించి మార్కు పోగొట్టుకున్నాను. అది ఆకుపచ్చ శైవలం. దానికి వేరే కాగితం పెట్టుకోండి.