రీడింగ్ రూమ్ వైఫై: లాగిన్ పేజీ వచ్చింది, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ కూడా తెరుచుకుంది

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు చదువుకునే గది ఉంది, దాని నెట్‌వర్క్ ఒక కొలిక్కి వచ్చింది. వైఫైకి కలవగానే లాగిన్ పేజీ రావాలి, ఆ గదిలోని పాత లినక్స్ డెస్క్‌టాప్‌ని ఇంటి నుంచి ఏ యాప్ లేకుండా బ్రౌజర్‌లోనే వాడుకోవాలి. అంతే కోరిక.

రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని మీద లాగిన్ పేజీ చూపించే ఓపెన్‌ఎన్‌డీఎస్ వేశాను. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైకి కలవగానే గూగుల్ చిరునామా ఒకటి ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీలో అడిగి 204 అనే ఖాళీ జవాబు కోసం చూస్తుంది, అది రాకుండా రూటర్ తన పేజీకి మళ్లిస్తే ఇక్కడ లాగిన్ కావాలని ఫోన్‌కి అర్థమవుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ సైట్లను మాత్రం ఇలా మళ్లించలేం, సర్టిఫికెట్ తప్పని బ్రౌజర్ ఆపేస్తుంది, ఆపాలి కూడా. మూడో అంతస్తు పిన్నిగారు "బాబూ, యూట్యూబ్ తెరిస్తే నీ పేజీ రాదేటి?" అన్నారు. "పైన నోటిఫికేషన్‌లో సైన్ ఇన్ అని ఉంటుంది, అది నొక్కండి పిన్నిగారూ" అన్నాను, వచ్చేసింది.

ఫోన్ల మ్యాక్ నంబర్లు (వైఫైలో ఒక్కో ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్లు) ముందే జాబితాలో రాసుకుందామంటే కుదరదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు నంబరు బదులు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మారు నంబరు చూపిస్తాయి. అసలు ఈ పేజీని తాళం అనుకోకూడదు, ఎవరి మ్యాక్‌నైనా ఇంకొకరు కాపీ కొట్టొచ్చు. అందుకే వైఫై పాస్‌వర్డ్ ఉంచేశాను, డెస్క్‌టాప్ లాగిన్‌ని దీనితో కలపలేదు. ఒకే పాస్‌వర్డ్ చాలని చాలామంది అన్నారు, నేను ఒప్పుకోలేదు.

డెస్క్‌టాప్‌ని బ్రౌజర్‌లో చూపించడానికి అపాచీ గ్వాకమోలి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. వెబ్ భాగం 8080 పోర్టులో, డెస్క్‌టాప్‌తో వీఎన్‌సీ (దూరం నుంచి స్క్రీన్ చూపించే పద్ధతి)లో మాట్లాడే గ్వాక్‌డీ అనే భాగం 4822లో. మొదట వచ్చే అడ్మిన్ ఖాతాకి పేరూ పాస్‌వర్డూ ఒకటే, కాబట్టి కొత్త అడ్మిన్‌ని చేసుకుని ఆ పాత ఖాతాని తీసేయండి, తర్వాతే బయటికి తెరవండి. బయటి నుంచి వచ్చేవాటిని అందుకుని గ్వాకమోలికి పంపడానికి దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టాను, అందులో ప్రాక్సీ బఫరింగ్ ఆపాలి, వెబ్‌సాకెట్ హెడర్లు పంపాలి, లేకపోతే మౌస్ ఈడుస్తూ ఉంటుంది.

మా కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ లేదు, అంటే బయటి నుంచి నేరుగా చేరుకునే సొంత చిరునామా లేదు. రూటర్ వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది చాలామంది పంచుకునేదే, పోర్ట్ ఫార్వర్డింగ్ మీద టైమ్ వేస్ట్ చేసుకోకండి. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (ఆన్‌లైన్‌లో దొరికే సర్వర్) అద్దెకి తీసుకుని ఎన్‌జిన్‌ఎక్స్‌ని అక్కడ ఉంచి, గదిలోని డెస్క్‌టాప్ నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ వేశాను, కనెక్షన్ తెగకుండా పలకరించే కీప్‌అలైవ్ 25 సెకన్లు.

అసలు తిప్పలు కరెంటు పోయి వచ్చినప్పుడు. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయింది, దాంతో గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోయేది. వైర్‌గార్డ్ కలిసేటప్పుడు పంపే హ్యాండ్‌షేక్‌లో టైమ్‌స్టాంప్ ఉంటుంది, ముందు చూసినదానికంటే పాతది వస్తే అవతలి వైపు కిమ్మనకుండా పారేస్తుంది, లాగులో ఏమీ కనబడదు. గ్వాకమోలిలో పెట్టిన ఓటీపీ కూడా 30 సెకన్లకోసారి మారేది, దానికీ టైమ్ సరిగ్గా ఉండాలి. సీఆర్2032 బ్యాటరీ మార్చి, ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీ ఆన్ చేశాక రెండూ కుదుటపడ్డాయి.

ట్యాబ్లెట్‌లో తెలుగు టైప్ చేయాలంటే ఎడమ అంచు నుంచి వేలు జరిపి గ్వాకమోలి మెనూలో టెక్స్ట్ ఇన్‌పుట్ ఎంచుకోవాలి. ఫైళ్ల బదిలీ ఇంకా మిగిలింది, వీఎన్‌సీకి అది నేరుగా రాదు, ఫైళ్లు పంపే ఎస్ఎఫ్‌టీపీ జోడించాలి. ఆదివారం చూస్తా.