తప్పెటగుళ్ళ బృందానికి పీ-3 వీసా: నా అనుభవం

వేర్వేరు దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారి కళలన్నిటినీ ఒకే వేదికపై చూపే ఉత్సవానికి, అమెరికాలోని ఒక నగరం నుంచి మా శ్రీకాకుళం జిల్లా తప్పెటగుళ్ళ బృందానికి పిలుపు వచ్చింది. అక్కడి తెలుగువారు ఏటా కూచిపూడే ఎందుకు, ఈసారి ఉత్తరాంధ్ర జానపదాన్ని చూపిద్దామని పట్టుబట్టడం వల్ల వచ్చిన పిలుపు అది. బృందంలో ఇంగ్లీషు కాగితాలతో పరిచయం ఉన్నవారు లేకపోవడంతో, ఉద్యోగ విరమణ చేసి ఖాళీగా ఉన్న నాపై ఆ బాధ్యత పడింది.

విజిటర్ వీసా మీద వెళ్ళి వచ్చేయమని తెలిసినవారందరూ చెప్పారు. కానీ టిక్కెట్టు పెట్టి, కళాకారులకు పారితోషికం ఇచ్చే ప్రదర్శనకు ఆ వీసా చెల్లదు. ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన సంప్రదాయ కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి వచ్చేవారి కోసం పీ-3 అనే తరగతి విడిగా ఉంది. దానికి కళాకారుడు నేరుగా దరఖాస్తు చేసుకోలేడు. అక్కడి నిర్వాహకులో ఏజెంటో ముందుగా ఐ-129 అనే పిటిషన్ వేయాలి, అది మంజూరైన తరువాతే ఇక్కడ వీసా ప్రయత్నం మొదలవుతుంది. ఒక పిటిషన్‌లో 25 మందికి మించి పేర్లు చేర్చకూడదన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నా, మా వాళ్ళు పదహారు మందే కనుక ఇబ్బంది కలగలేదు.

అసలు శ్రమ అంతా రుజువుల దగ్గరే. ఈ కళ ప్రత్యేకమైనదీ సంప్రదాయబద్ధమైనదీ అని నిపుణుల లేఖలతోనో పత్రికల్లో వచ్చిన వ్యాసాలతోనో నిరూపించాలి. తప్పెటగుళ్ళు మా ప్రాంతంలో యాదవుల ఇంటి కళ. తండ్రి వేసే అడుగు చూసి కొడుకు నేర్చుకుంటాడు. గుండెకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, గురువు పాడిన చరణాన్ని అందుకుంటూ గెంతులు వేస్తూ, ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి నిలబడే ఈ ఆట వానల కోసం, పశువుల క్షేమం కోసం గంగమ్మ తల్లి ముందు ఆడేది. దీనికి ధ్రువపత్రం అడిగిన వారు ఇంతవరకు లేరు. గురువుగారి అటక మీది రేకు పెట్టె దింపితే శాలువాలే ఎక్కువగా ఉన్నాయి. వాటి అడుగున ఆకాశవాణి వారి పాత ఒప్పంద పత్రం ఒకటి, ఉత్సవాల్లో ఇచ్చిన ప్రశంసా పత్రాలు కొన్ని, ఫొటో చుట్టూ కత్తిరించి దాచుకున్న పేపరు ముక్కలు దొరికాయి. ఫొటో కోసమే కత్తిరించారు కనుక ఏ ముక్క మీదా పత్రిక పేరూ లేదు, తేదీ కూడా లేదు. ఒకదాని వెనుక వైపు వరి విత్తనాల ప్రకటన ఉండడంతో, అది ఖరీఫ్ ముందు నెలలదై ఉంటుందని పాత సంచికలు తిరగేసి ఆ పుట మొత్తం సంపాదించాను. తెలుగు కాగితం ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి. జానపద సాహిత్యం బోధించే ఒక ఆచార్యులవారు ఇచ్చిన లేఖ వీటన్నిటికంటే బలంగా నిలిచిందని నా అభిప్రాయం.

కార్యక్రమ వివరాలు కూడా నిమిషాలతో సహా ఇవ్వాలన్నారు. "ఏటి బాబూ, రాత్రంతా పాడే గంగమ్మ కతని అరగంటలో ఎలా ముగిత్తాం?" అని గురువుగారు అడిగారు. ఆ ప్రశ్న సహేతుకమే కానీ వేదిక కాలం మన చేతిలో లేదు. చివరకు ప్రార్థన, ఒక కథాఘట్టం, విన్యాసాలు అని ఆయనే మూడుగా కుదించారు.

పిటిషన్‌కు అక్కడి కళాకారుల సంఘం అభిప్రాయ లేఖ కూడా జతపరచాలి. నాట్యకారులైతే అమెరికన్ గిల్డ్ ఆఫ్ మ్యూజికల్ ఆర్టిస్ట్స్, వాద్యకారులైతే అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్ చూస్తాయి. వాయించేవాడే పాడుతూ ఆడే కళను ఎవరి కింద చేర్చాలన్నది అక్కడి న్యాయవాది తేల్చుకున్నారు, మేము తలదూర్చలేదు.

ఈలోగా ఇక్కడ పాస్‌పోర్టుల పని సాగింది. మన ఆధార్ కార్డుల్లో ఇంటిపేరు ఒక అక్షరంగా మిగిలిపోతుంది, ఓటరు కార్డులో మరో విధంగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా దరఖాస్తులో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరుగా రాసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని నింపాలి. ఇది పిటిషన్‌తో పొసగకపోతే చిక్కు కనుక, ముందు ఆధార్‌లు సరిచేయించి తరువాతే పాస్‌పోర్టులకు పంపాను. పదో తరగతి పాసవ్వని వారి పాస్‌పోర్టులపై ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి కావాలన్న ముద్ర పడింది. గల్ఫ్‌కు వెళ్ళివచ్చే మా జిల్లావారికి ఆ ముద్ర బాగా తెలుసు, అందుకే అందరూ కంగారుపడ్డారు. వలస అనుమతి అవసరమైన 18 దేశాల జాబితాలో అమెరికా లేదని చూపించాకే కుదుటపడ్డారు.

తలా 205 డాలర్ల వీసా రుసుము నిర్వాహకులే భరించారు. హైదరాబాదులో ముందు వేలిముద్రలు, తరువాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ జరిగాయి. లోపలికి వాద్యాలు తీసుకువెళ్ళే వీలు లేదు. ఏం చేస్తారని అధికారి అడిగినప్పుడు గురువుగారు మాటలు వెతుక్కోకుండా, తప్పెట ఉండవలసిన చోట గుండెపై రెండు అరచేతులతో దరువు వేసి ఒక చరణం పాడారట. మిగిలినవారిని ఎన్నేళ్ళుగా ఆడుతున్నారో, తిరిగి వచ్చి ఏం చేస్తారో మాత్రమే అడిగారు. అందరికీ వీసాలు వచ్చాయి.

తోలు వాద్యాలు కనుక అక్కడి విమానాశ్రయంలో దాచకుండా ప్రకటించమని చెప్పి పంపాను. తెరిచి చూసి వదిలేశారు. ఉత్సవం నాడు చలికి తోలు సడలిందట, వేదిక వెనుక నిప్పు రాజేయనివ్వరు. పక్కన సిద్ధమవుతున్న మెక్సికో నాట్యబృందంలోని ఒకావిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం ఇస్తే, దానితోనే పదహారు తప్పెటలూ వేడిచేసుకుని వేదిక ఎక్కారు.

ఆ కాగితాల నకళ్ళు ఇప్పుడు విజయనగరం జిల్లాలోని మరో బృందం దగ్గర ఉన్నాయి. వారికింకా పిలుపు రాలేదు. అయినా ఆధార్‌లో ఇంటిపేర్లు సరిచేయించుకోవడం మొదలుపెట్టారు.