నాన్న గోలీలు ఎందుకు ఆపేసిండు

మా నాన్నకి 58 ఏండ్లు, జీడిమెట్లల లేత్ మిషన్ మీద పని. పోయిన వారం కండ్లు తిరుగుతున్నయ్ అంటే మా గల్లీ దగ్గరున్న బస్తీ దవాఖానాకి తీస్కపోయిన, చూస్తే బీపీ 170/100. గోలీలు ఏస్కుంటలేవా నాన్నా అంటే "మొన్న చూపిస్తే నార్మలే వచ్చింది కదరా, తగ్గిపోయిందనుకుని ఆపేసిన" అన్నడు. నాకు గుండె ఆగినంత పనైంది. గోలీ ఏస్కుంటున్నందుకే నార్మల్ వచ్చిందని, బీపీ జ్వరం లెక్క తగ్గి పోయేది కాదని ఇన్నేండ్లల్ల ఆయనకి ఎవరూ కూసోబెట్టి చెప్పలే, నేను కూడా చెప్పలే.

ఇంకోటి, చీటీ మీద 1-0-1 అని రాస్తరు కదా, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. అది ఆయనకి తెల్వదు, అడగాలంటే మొహమాటం. చదువురాక కాదు, మిషన్ డ్రాయింగ్ చూసి మిల్లీమీటర్ తేడా పట్టేస్తడు. అసలు వారం నైట్ షిఫ్ట్, వారం డే షిఫ్ట్ చేసేటోళ్ళకి పొద్దున ఏది, రాత్రి ఏది? ఈసారి డాక్టరమ్మని అదే అడిగిన, షిఫ్ట్ ఏదైనా రోజూ ఒకటే టైముకి ఏస్కోమంది, ఫోన్ల అలారం పెట్టినం.