ఆకు రాలిన చప్పుడు

"మీకు బాగా ఇష్టమైనవి ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు చెప్పండి. ఇక జన్మలో వాటి జోలికి పోకూడదు" అన్నారు పంతులుగారు. గయలో అక్షయవటం దగ్గర, నాన్నకు పిండప్రదానం అయ్యాక. అమ్మ ఆలోచించకుండా "పనసపండు" అంది. ఏటా వేసవిలో నాన్న చేతులకు నూనె రాసుకుని, తొనలు ఒలిచి ఆవిడకు పెట్టేవాడు. నేను మామిడిపండు అనబోయి జామపండు అన్నాను. ఆ ఒక్క క్షణంలో లోపల ఏదో మామిడిపండును గబుక్కున వెనక్కి దాచేసుకుంది. ఆటోలో బుద్ధగయకు వెళ్తున్నంతసేపూ అదే ఆలోచన.

ఇంకో ఆలోచన కూడా ఉంది. నా మెడ దగ్గర గడ్డకు సూదితో చేసిన పరీక్ష రిపోర్టు ఆ సాయంత్రమే వస్తుంది. తమ్ముడు తీసుకుని ఫోన్ చేస్తానన్నాడు. అమ్మకు ఈ సంగతేదీ తెలియదు.

మహాబోధి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. 2013లో ఇక్కడ బాంబులు పేలిన దగ్గర్నుంచి తనిఖీలు గట్టిగానే చేస్తున్నారు. కౌంటర్‌లో ఫోన్లు ఇచ్చి టోకెన్ తీసుకున్నాం. లోపల బుద్ధుడి దర్శనం చేసుకుని, గుడి వెనక పడమటి వైపు బోధిచెట్టు దగ్గర కూర్చున్నాం. బుద్ధుడు కూర్చున్న నాటి చెట్టు కాదిది. 1876లో పాతది గాలివానకు కూలిపోతే, దాని మొక్కనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ మళ్లీ నాటించాడు.

తెల్లబట్టలు కట్టుకున్న శ్రీలంక యాత్రికులు మెల్లగా ఏదో చదువుతున్నారు. పై నుంచి ఒక ఆకు రాలింది. రాలుతూ తిరుగుతోంది. చుట్టూ పదిమంది ఒక్కసారి లేచారు. నేనూ సగం లేచి చెయ్యి చాచాను. ఒక పిల్లాడికి దొరికింది, కళ్లకద్దుకున్నాడు. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, గుండె వేగంగా కొట్టుకుంటోంది. ఎండుటాకు కోసం! చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది తిన్నగా చొక్కా జేబులోకి వెళ్లింది, లేని ఫోన్ కోసం. ఆకు కోసం చాచిందీ, రిపోర్టు కోసం తడిమిందీ అదే చెయ్యి.

మనసును గమనించడం గురించిన బోధ, సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. మనసులో రాగం, అంటే కోరిక ఉంటే, రాగం ఉందని తెలుసుకో. లేకపోతే, లేదని తెలుసుకో. దాన్ని తరిమెయ్యమనీ, సిగ్గుపడమనీ అనలేదక్కడ. పొద్దున మామిడిపండు దగ్గర నాకు జరిగింది అదే. వదిలింది జామపండునే, కానీ పట్టుకున్నదేదో కనిపించింది.

భయం గురించి ఆయన సొంత అనుభవమే చెప్పాడు, భయభేరవ సుత్తమనే ఇంకో బోధలో. జ్ఞానోదయానికి ముందు మాట. అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య రాత్రులు జనం జడిసే అడవుల్లోకి కావాలనే వెళ్లి ఉండేవాడు. నెమలి పుల్ల పడేస్తే, గాలికి ఆకులు గలగలమంటే, వచ్చేస్తోంది ఆ భయం అనిపించేదట. అప్పుడనుకున్నాడు: ఎంతసేపూ భయం కోసం ఎదురుచూస్తూ ఎందుకుండాలి? నడుస్తున్నప్పుడు వస్తే నడుస్తూనే, కూర్చున్నప్పుడు వస్తే కూర్చునే, అది అణిగేదాకా అలాగే ఉండిపోయేవాడు. ఇక్కడ మేం ఎగబడిన ఆకు చప్పుడే ఆయన్ని అక్కడ వణికించింది. ఇది తలుచుకుంటే నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలుగుతుందో చెప్పలేను. దేవుడిలా కాదు, ఒంటరిగా చీకట్లో ఒళ్లు జలదరించినా కదలకుండా ఉన్న మనిషిలా.

నేను వారం రోజులుగా చేసింది ఎదురుచూడటమే. పని, టీవీ, చివరికి ఈ యాత్ర ఏర్పాట్లు కూడా ఆ టెన్షన్ మీద కప్పిన దుప్పట్లే. అక్కడే కూర్చుని దాన్ని చూశాను. గొంతు కింద బిగువు, అరచేతుల్లో చెమట, కడుపులో చల్లదనం. తగ్గింది, మళ్లీ వచ్చింది, ఇంకాస్త తగ్గింది. పూర్తిగా పోలేదు.

చీకటి పడుతుంటే గుడి దీపాలు వెలిగాయి.

"అమ్మా, మెడ దగ్గర చిన్న గడ్డ వచ్చింది. పరీక్ష చేయించాను. ఈ పాటికి రిపోర్టు వచ్చి ఉంటుంది" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. చెయ్యి చాచి నా మెడ తడిమింది. "ఇక్కడా?"

"ఇంకొంచెం కింద."

వేళ్లు అక్కడే కాసేపు ఉంచింది. తర్వాత కొంగు సర్దుకుని లేచింది.

"టోకెన్ ఏదిరా? ఇలా ఇవ్వు" అంది.