కింద నుంచి పైకి

మే 17, 2026, ఆదివారం

జూన్ 2న కాలిఫోర్నియా ప్రైమరీ, అంటే నవంబర్ ఎన్నికకు ముందు జరిగే తొలి విడత ఓటింగు. బ్యాలెట్ కవరు ఎప్పుడో వచ్చేసింది. భోజనాలయ్యాక బల్ల తుడిచి కాగితాలు పరిస్తే కళ్ళు ముందు గవర్నర్ వరుస మీదకే పోతాయి. ఇప్పటి గవర్నర్ న్యూసమ్‌కు రెండు విడతలూ అయిపోతున్నాయి కదా, పోటీ అంతా అక్కడే. అయినా ఈ బ్యాలెట్‌ను కింద నుంచి పైకే నింపాలి.

గవర్నర్‌కైనా అసెంబ్లీకైనా జూన్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళు, పార్టీ ఏదైనా సరే, నవంబర్‌కు వెళ్తారు, అప్పుడు మళ్ళీ ఆలోచించుకోవచ్చు. సుపీరియర్ కోర్టు జడ్జి, కౌంటీ సూపర్‌వైజర్ (కౌంటీని నడిపే బోర్డు సభ్యులు) పదవులకు అలా కాదు. పోలైన ఓట్లలో సగం దాటితే జూన్‌లోనే గెలిచినట్టు. జడ్జి అయితే ఆరేళ్ళు ఉంటారు. విడాకులు, ఇంటి అద్దె తగాదాలు వెళ్ళేది ఆ కోర్టుకే. అందరూ వదిలేసే గడి కూడా అదే.

జడ్జి పేరు పక్కన పార్టీ ఉండదు, వృత్తి ఒక్కటే ఉంటుంది. డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీ అని ఉంటే ప్రభుత్వం తరఫున కేసులు వాదించే ప్రాసిక్యూటర్ అని అర్థం. అంతమాత్రాన మంచీ కాదు, చెడూ కాదు. లాయర్లకు లైసెన్సులిచ్చే స్టేట్ బార్ సైట్‌లో పేరు కొడితే ఏ ఏడాది లాయరయ్యారో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. లాస్ ఏంజిలిస్‌లో బార్ అసోసియేషన్ అభ్యర్థులకు ‘అర్హులు’, ‘అర్హులు కారు’ అంటూ రేటింగ్ కూడా ఇస్తుంది.

ఇక పోస్టులో వచ్చే నిగనిగలాడే అట్టలు. ఒక అట్ట మీద పది పేర్లు, పక్కన టిక్కులు, పైన ఓటరు గైడ్ అని పెద్దక్షరాలు. చూస్తే పార్టీయే పంపినట్టుంటుంది. కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ అట్ట మీద కనిపించడానికి డబ్బు కట్టినవాళ్ళకు అది పెట్టాలని చట్టం. ముందు నక్షత్రాలు వెతికి, తర్వాతే పేర్లు చదవాలి.

రాష్ట్రం పంపే గైడ్‌లో గవర్నర్ అభ్యర్థి మాటలు కనిపించకపోతే పట్టించుకోని మనిషి అనుకోకూడదు. ప్రచార ఖర్చుకు పరిమితి ఒప్పుకున్నవాళ్ళకే అక్కడ చోటు కొనుక్కునే వీలుంది. బాగా ఖర్చు పెట్టేవాళ్ళే అందులో కనిపించకపోవచ్చు.

మన ఊళ్ళలో పార్టీ బీ-ఫారం ఇస్తేనే గుర్తు దక్కుతుంది. ఇక్కడ బీ-ఫారం లేదు. పేరు కింద రాసి ఉండేది అభ్యర్థి తనకు తాను చెప్పుకున్న పార్టీ. ఆ పార్టీ బలపరిచిందని కాదు. ఒకే పార్టీవాళ్ళు ఎందరైనా నిలబడొచ్చు. ఓట్లు చీలేది అక్కడే. 2012లో శాన్ బెర్నార్డినో వైపు 31వ కాంగ్రెస్ (కేంద్ర చట్టసభ) నియోజకవర్గంలో డెమోక్రాట్లకే మొగ్గు. కానీ వాళ్ళు నలుగురు నిలబడి ఓట్లు పంచుకున్నారు. నవంబర్‌కు వెళ్ళిన ఇద్దరూ రిపబ్లికన్లే. 2024లో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే బే ఏరియాలో, పాలో ఆల్టో ఉన్న 16వ నియోజకవర్గంలో, రెండో స్థానానికి ఇద్దరికి చెరి 30,249 ఓట్లు వచ్చాయి. మళ్ళీ లెక్కపెడితే తేడా అయిదు ఓట్లు. అందుకే నచ్చినవాళ్ళు ముగ్గురున్నప్పుడు ఎవరు ఎక్కువ నచ్చారన్నదొక్కటే చాలదు. రెండో స్థానం దాకా రాగలిగేదెవరో కూడా చూడాలి.

కవరు మీద సంతకం దగ్గర మన ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. భార్యాభర్తల కవర్లు ఒకేలా ఉంటాయి, ఒకరి కవరు మీద ఇంకొకరు సంతకం చేసేస్తారు. కౌంటీవాళ్ళు దాన్ని తమ దగ్గరున్న సంతకంతో పోల్చి చూస్తారు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో తెర మీద గబగబా గీసిన గీత, ఇప్పుడు శ్రద్ధగా పెట్టిన సంతకం కలవకపోయినా తంటాయే. సరిచేసుకోమని ఉత్తరం వస్తుంది. దాన్ని మామూలు ప్రకటన అనుకుని పారేస్తే ఓటు పోయినట్టే. ఇల్లు మారినవాళ్ళకు మామూలుగా నమోదు చేసుకోవడానికి రేపే ఆఖరు.

గవర్నర్ గడి ఈరోజు నింపక్కర్లేదు. ప్రచారం మానేసి తప్పుకున్నవాళ్ళ పేర్లు బ్యాలెట్ మీద అలాగే ఉంటాయి. ముందే పంపేసిన ఓటును మార్చుకునే వీలుండదు. కింది గడులన్నీ నల్ల పెన్నుతో నింపి, ఆ ఒక్కటి చివరి వారానికి వదిలేసి, కవరు అంటించకుండా ఫ్రిజ్ మీద పెట్టడం మేలు. అప్పుడు పోస్టు ముద్ర ఏ తేదీన పడుతుందోనన్న బెంగ కూడా అక్కర్లేదు. జూన్ 2 రాత్రి ఎనిమిది లోపు కౌంటీ డ్రాప్ బాక్సులో వేస్తే చాలు.